మా బందరు పాలెములు, పేటలు

గత సంచికలో ఊరగాయ జాడీలను గూర్చి వ్రాసితిమి. ఈ మాసమున వంటయింటి గడప దాటి ఊరిలోనికి వత్తము. ఇందులకు కారణము మా అమ్మాయి. బడిలో "మా ఊరు" అను వ్యాసము వ్రాసికొని రమ్మని చెప్పిరట. మా యింటివారు ఉపాధ్యాయులే. అయినను తమ బిడ్డ వ్యాసమును తాము దిద్దుట తక్కిన పిల్లలకు అన్యాయమని వారి పట్టుదల. అందుచేత కాగితములు, కలము తీసికొని పిల్ల మా యొద్దకే వచ్చినది.

"అమ్మా, వలందపాలెం అంటే ఏమిటి? పరాసుపేట అంటే ఏమిటి?" అని అడిగినది.

మేము బడికి పోయి చదివినవారము కాము. మా నాయనగారు ఇంటనే అమరము మొదలు ప్రబంధముల వరకు చెప్పిరి. ఒక పదము చెవిని బడగానే దాని పుట్టుక చెప్పవలెనను ఉబలాటము మాకు నాటినుండియు నున్నది. "వలంతి యనగా నేర్పరి. వలంతులు కాపురమున్న పాలెము వలందపాలెము. పరాశరమహర్షి పేర వెలసినది పరాసుపేట" అని తడుముకొనక చెప్పితిమి. పిల్ల వ్రాసికొనుచున్నది. అరుగుమీద చిక్కుడుకాయల ఈనెలు తీయుచున్న మా అత్తగారు తల యెత్తిరి.

"అదేమిటమ్మాయ్! వలందావాళ్లంటే ఓడలమీద వచ్చిన దొరలు కదూ? మా చిన్నప్పుడు కోట దగ్గర ఆ రాళ్లు చూపించి వలందావాళ్ల గోరీలనేవారు. పరాశరుడెక్కడ, పరాసులెక్కడ?"

మా అత్తగారు ఐదవ తరగతితో చదువు చాలించినవారు. ఆ సాయంకాలము మా యింటివారి బీరువాలోని చరిత్ర పుస్తకములు క్రిందికి దించి చూచితిమి. ఆమె మాటయే నిజము. పిల్ల కాగితముపై మా వలంతులను, పరాశరుని స్వహస్తముతో కొట్టివేసితిమి.

వలందా యనగా హాలండు దేశము. పోర్చుగీసువారు దానిని ఒలాందా యందురు. వారి నోటినుండి విని మన పూర్వులు వలందా యనిరి. ఆ పోర్చుగీసువారినే మనవారు బుడతకీచులనిరి. ఫ్రాన్సువారు పరాసులైరి. ఏ దేశపు పేరు వచ్చినను మన తెలుగు నాలుక దానికి స్నానము చేయించి, బొట్టుపెట్టి, ఇంటిలోనికి తెచ్చుకొన్నది. ఒక్క ఇంగ్లీషుపాలెము మాత్రమే వేషము మార్చుకొనక నిలిచినది.

అసలు ఊరి పేరే చూడుడు. బందరు పారసీక పదము. రేవు అని దాని యర్థము. బందరు రేవు అన్నచో రేవు రేవు అన్నట్లే. ఉత్తరాదివారికి ఆ మాట కోతి యని తోచును గనుక, మాది బందరు అని చెప్పగానే వారి పెదవులపై చిరునవ్వు మొలచును. మచిలీ యనగా హిందూస్థానీలో చేప. అయితే మచిలీ యను మాట మన తీరమునకు రాకమునుపే, సుమారు రెండువేల యేండ్లనాడు, గ్రీకు భాషలో గ్రంథములు వ్రాసినవారు ఈ కృష్ణాముఖ ప్రాంతమును మసాలియా యనియు, మైసోలియా యనియు పేర్కొనిరి. అచ్చట సన్నని నూలుబట్టలు విస్తారముగా నేయుదురని కూడ వ్రాసిరి. కావున మా యూరి ప్రాంతము మొదటినుండియు బట్టకు పేరుపడినదే. చేప తరువాత వచ్చి చేరినది.

వలందావారు 1605 లోను, ఇంగ్లీషువారు 1611 లోను, ఫ్రెంచివారు 1669 లోను ఇచ్చట కోఠీలు పెట్టుకొనిరి. అప్పుడు మన సీమ గోలకొండ కుతుబ్ షాహీ సుల్తానులది. వారి రాజ్యమునకు మా బందరే సముద్రద్వారము. మక్కా యాత్రకు పోవువారు ఇచ్చటనే ఓడ యెక్కిరి. 1652 లో పారసీక తీరమునుండి గోలకొండ సుల్తాను ఓడపై వచ్చి ఇచ్చట దిగిన తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు, ఈ యూరి యిండ్లు కొయ్యతో కట్టినవనియు, బంగాళాఖాతములో ఇంతకంటె మంచి ఓడరేవు లేదనియు, పెగూకు, సయాముకు, మక్కాకు, సుమత్రాకు ఇచ్చటినుండి ఓడలు పోవుననియు వ్రాసినాడు. నేడు మా సముద్రము చూచినవారు ఇది నమ్మరు. ఒండ్రు పేరుకొని లోతు పోగా, రానురాను పెద్ద ఓడలు తీరమునకు అయిదుమైళ్ల దూరముననే నిలువవలసి వచ్చినది. క్రొత్త ఓడరేవు పనులు 2023 లో ఆరంభమైనవి.

ఇక మద్రాసు సంగతి. ఈ మాట మద్రాసు కాపురమున్న మా చెల్లెలికి చెప్పినప్పుడు రెండు దినములు మాతో సరిగా మాటలాడలేదు. ఇంగ్లీషువారు మొదట మా యూరనే స్థిరపడిరి. ఇచ్చటి కోఠీ పెద్ద ఆండ్రూ కోగను. అరమగాము కోఠీలోని ఫ్రాన్సిస్ డే 1639 లో దామర్ల వెంకటాద్రి నాయకునియొద్ద సముద్రపుటొడ్డున కొంత ఇసుకనేల సంపాదించినాడు. కోగను, డే ఇరువురు గలిసి అచ్చట కోట కట్టుటకు పూనుకొనిరి. 1641 లో ఇంగ్లీషువారి పెద్ద కొలువు బందరునుండి అచ్చటికి మారినది. కాబట్టి చెన్నపట్టణపు కోట మా బందరు కోఠీకి పడుచుబిడ్డ. బిడ్డ పెరిగి పెద్దదై తల్లిని మరచుట లోకములో లేనిది కాదు.

ఫ్రెంచివారి కథ ఇంకను చిత్రమైనది. వారు 1750 లో ఈ యూరు పట్టుకొనిరి. 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి కర్నల్ ఫోర్డు అను ఇంగ్లీషు సేనాని చీకటిలో కోటపై బడి దానిని గైకొన్నాడు. అంతటితో ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి బలము అణగిపోయినది. అయితే తరువాతి సంధుల వలన వ్యాపారము పేరిట ఒక చిన్న ముక్క నేల మరల వారి పరమైనది. ఆ ముక్క వారి చేతిలో ఎంతకాలమున్నదని అనుకొనుచున్నారు? 1947 అక్టోబరు 6వ తేదీ వరకు! ఆగస్టు 15న దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి, ఊరూర మువ్వన్నెల జెండా ఎగిరిన పిదప కూడ ఏబదిదినములకు పైగా మా బందరులో ఫ్రాన్సుకు ఒక తావు మిగిలియున్నదన్నమాట. యానాము సంగతి అందరు నెరుగుదురు. అది 1954 వరకు ఫ్రెంచివారి యొద్దనే యుండెను. బందరు సంగతి బందరువారికే తెలియదు. మా అమ్మాయి దీనిని తన వ్యాసములో రెండు గీతలు గీసి వ్రాసికొన్నది.

ఈ దేశదేశములవారు ఇంతదూరము వచ్చి ఒకరినొకరు తోసికొనుట దేనికొరకని అడిగెదరేమో. వజ్రములకని మగవారు చెప్పుదురు. వజ్రములు ఉన్న మాట నిజమే. కాని ఏటేట ఓడలు నింపినది బట్ట. మనము మడతపెట్టి పెట్టెలో దాచుకొను అద్దకపు బట్టయే.

కలము అనగా లేఖిని, కారీ యనగా పని. ఈ రెండును గలిసి కలంకారీ యైనది. శ్రీకాళహస్తిలో నేటికిని కలముతోనే వ్రాయుదురు. మా బందరులోను, ప్రక్కనున్న పెడనలోను కొయ్య అచ్చులతో అద్దుదురు. అయినను పేరు మాత్రము కలముదే. పని విధానము చూచినచో వంటకు దగ్గర చుట్టరికము. నేతబట్టను ఉతికి, కరక్కాయ పిండియు గేదెపాలును కలిపిన నీటిలో ముంచి ఆరవేయుదురు. పాలలోని జిడ్డు వలన రంగు ప్రక్కకు ప్రాకదు. త్రుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లపు నీటిలో నానవేసి పులియబెట్టిన ద్రవమును అద్దగా, కరక్కాయతో గలిసి నలుపు తేలును. ఎఱుపు కావలసినచోట పటిక నీరు అద్దుదురు. అద్దినపుడు అది ఎఱుపుగా నుండదు. తరువాత బట్టను వేరుల రంగునీటిలో ఉడికింపగా, పటిక తగిలిన తావులు మాత్రమే ఎఱ్ఱబడును. పూర్వము ఆ ఎఱుపు చిరివేరునుండి తీసెడివారు. కృష్ణాతీరపు ఇసుకనేలలలో పెరిగిన చిరివేరునకు సాటి లేదని వర్తకులందరు నొప్పుకొనిరి. ఎన్ని ఉతుకులకును వెలిసిపోని ఆ ఎఱుపే వారిని ఇక్కడికి లాగినది.

వలందావారు ఈ బట్టను తీసికొనిపోయి తూర్పుదీవులలో మిరియాలకు, లవంగాలకు మారకము చేసిరి. అచ్చటివారు వెండికంటె మన బట్టనే మెచ్చిరి. మన పోపులపెట్టెలోని లవంగము వెనుక మన చీరకొంగున్నదని ఎవరనుకొందురు?

తరువాత ఐరోపా స్త్రీలకు ఈ బట్టపై మోజు పుట్టినది. ఉతికినను రంగు పోని పువ్వుల బట్ట వారు అంతకుముందు కనలేదు. అచ్చటి నేతగాండ్రకు కడుపు మండినది. ఫ్రాన్సులో 1686 లో అద్దకపు బట్టను నిషేధించిరి. ఇంగ్లండులో 1701 నుండి అట్టి బట్టను అచ్చట వాడుకొనుటకై దిగుమతి చేయరాదనిరి. 1721 లో కట్టుటయే నేరమని శాసనము చేసిరి. దానికి ముందు 1719 లో లండను వీథులలో నేతగాండ్రు గుంపులుగా తిరుగుచు, పువ్వుల బట్ట కట్టిన స్త్రీ కనబడినచో సిరా చల్లి, ఒంటిమీది బట్ట చించివేసిరి. వారి యాకలి నిజమే; వారిని మేము నిందింపము. కాని కోపము వచ్చినది పెద్ద వర్తకులమీద, చూపినది దారిని బోవు ఆడుదానిమీద. ఇంకొక వింత యున్నది. ఫ్రాన్సువారు ఆ నిషేధమును ఎత్తివేసినది 1759 లో. ఆ యేడే వసంతములో వారు బందరును పోగొట్టుకొనిరి. కట్టుకొనవచ్చునని సెలవిచ్చునాటికి అద్దిన ఊరు చేయి జారిపోయినది.

బందరు లడ్డూను విడిచిపెట్టినచో మా ఊరివారు మమ్ము వెలివేయుదురు. కావున రెండు మాటలు. దీనిని తొక్కుడు లడ్డూ యనుట ఎందుకనగా, సెనగపిండి పూసను నేతిలో వేయించి, రోట దంచి, జల్లించి, బెల్లపు పాకములో నేయి పోయుచు మరల దంచి ఉండ చుట్టుదురు. పండ్లు లేని ముసలివారికి ఇంతకంటె మంచి మిఠాయి లేదు. ఇది బుందేల్‌ఖండమునుండి వలస వచ్చిన బొందిలీల చేతివంట యని చెప్పుదురు. 2017 లో భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. మా ఊరి లడ్డూ ఉత్తరాదిది, మా ఊరి పేరు పారసీకము, మా పాలెము హాలండుది! మాదేదని మా అమ్మాయి అడిగినది. ఒండ్రు మాది అని చెప్పితిమి.

కృష్ణాపత్రిక 1902 లో ఇచ్చట పుట్టుట, జాతీయ కళాశాల 1910 లో వెలయుట, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923 లో ఆంధ్రా బ్యాంకును ఇచ్చట స్థాపించుట పాఠపుస్తకములలో నున్నవే గనుక విస్తరింపము. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. మా అత్తగారు మాత్రము ఇప్పటికిని ఆంధ్రా బ్యాంకుకు పోవుచున్నాననియే చెప్పి బయలుదేరుదురు.

ఒక ఆదివారము పిల్లను తీసికొని బందరుకోట యొద్ద వలందావారి గోరీలు చూడబోయితిమి. అత్తగారు కూడ వచ్చిరి. నల్లని రాతిపలకలు. వానిపై ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరములు, వంశచిహ్నములు. మూడువందల యేండ్లకు పైబడినను వ్రేలితో తడిమినచో అక్షరము తెలియుచున్నది. భాష రాకున్నను పేరు ఇది, సంవత్సరము ఇది అని గుర్తింపవచ్చును. సముద్రము దాటి వచ్చి, ఏ జ్వరముననో ఈ ఉప్పునేలలో కన్నుమూసినవారు. మా అమ్మాయి అంకెలు చదువుచు ఒక్కొక్కరాయి చుట్టు తిరిగినది.

అత్తగారు కొంతసేపు చూచి, "వీళ్లకి రాళ్లున్నాయి. ఉప్పెనలో పోయినవాళ్లకో?" అనిరి.

బందరులో ఉప్పెన యని ఊరక అన్నచో అది 1864 నాటిది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది మా అత్తగారు చిన్ననాట స్వయముగా ఎరిగినది. దానిని ఆమె దివిసీమ ఉప్పెన యందురు. పేరుచెప్పనక్కరలేనిది పాతది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి పెనుగాలితో కూడ సముద్రము ఊరిపై బడినది. ఊరంతయు మునిగినది. ముప్పదివేలమంది పోయిరని గ్రంథములు చెప్పుచున్నవి. ముప్పదివేలు! మా యింటివారి బడిలో పిల్లలందరిని వరుసగా నిలిపి, అట్టి బడులు ఎన్ని కావలెనో లెక్కించి చూచి ఊరకుంటిమి. ఆ ముప్పదివేలలో ఎందరి పేర్లు మనకు తెలియును? వలందావాని పేరు రాతిపై నున్నది. మన అవ్వల పేర్లు నీటిపై పోయినవి.

ఇంటికి వచ్చిన పిదప మాకొక బుద్ధి పుట్టినది. ఇంగ్లీషు తేదీ పుస్తకములలో నున్నది. మన తిథి ఏమి? మా నాయనగారు నేర్పిన లెక్క ప్రకారము చూచితిమి. అది రక్తాక్షి నామ సంవత్సరము. ఆ యేడు అక్టోబరు 30న అమావాస్య. ఆనాడు సూర్యగ్రహణము కూడ కలదు గాని అది దక్షిణ అమెరికా ఖండమువారికి కనబడినది, మనకు గాదు. అమావాస్య వెళ్లిన దినములలో సముద్రపు పోటు సహజముగనే హెచ్చు. దానికి పెనుగాలి తోడైనది. ఈ మాత్రము శాస్త్రము తెలిసినవారు చెప్పుదురు. అమావాస్య అనగా దీపావళి. నవంబరు 1, మంగళవారము. కార్తీకశుద్ధ విదియ.

సోదరీమణులారా, ఆ తిథి ఏదో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. యమద్వితీయ. భగినీహస్త భోజనము. యముడు తన చెల్లెలగు యమున యింట భుజించిన నాడు. అన్నదమ్ములు అప్పసెల్లెండ్ర చేతివంట తిన్నచో వారికి అపమృత్యువు లేదని మనము నమ్ము నాడు.

కాగితముపై ఆ తిథి పడగానే మా చేయి నిలిచిపోయినది. ఎందుకనగా మా అత్తవారింట ఒక ఆచారమున్నది. ఆనాడు తోబుట్టువు వచ్చి భోజనము చేయవచ్చును. కాని దీపములు పెట్టు వేళకు విస్తళ్లు ఎత్తవలెను, వచ్చినవాడు ఊరు దాటవలెను. రాత్రి ఆ యింట నిద్రింపరాదు. మేము కాపురమునకు వచ్చిన మొదటి యేడు మా తమ్ముడు దూరము నుండి రెండు బస్సులు మారి వచ్చినాడు. అన్నము తిని చేయి కడుగుకొనుచుండగనే అత్తగారు "పొద్దు వాలుతోందమ్మా, తమ్ముణ్ని బయలుదేరదియ్యి" అనిరి. వాడు నొచ్చుకొన్నాడు. మేము ఏడ్చితిమి. నాటినుండి ఏటేట ఈ ముచ్చట జరుగుచునే యున్నది. మా తమ్ముడు నవ్వుచు, "అక్కా, యముడు కూడ చెల్లెలింట ఒక పూట కునుకు తీసియుంటాడు" అనును.

ఇది ఏ శాస్త్రముననున్నదని మేము మొదటినుండియు వెదకుచునే యున్నాము. వ్రతగ్రంథములు చూచితిమి. ధర్మశాస్త్రములు తెలిసిన పెద్దలను మా నాయనగారి ద్వారా అడిగించితిమి. భుజింపవలెననియు, సోదరికి వస్త్రభూషణములు పెట్టవలెననియు ఉన్నది గాని, చీకటి పడకముందు పొమ్మనుట యెచ్చటను లేదు. అత్తగారిని అడిగినచో "మా అత్తగారు అలా చేసేవారు" అనుటయే. ఆమె అత్తగారు తమ అత్తగారి పేరు చెప్పిరట. ఇది అనాచారమనియు, కోడలి పుట్టింటివారిని తేలికచేయుటకు ఎవరో పెట్టిన నియమమనియు మేము పదునాలుగు ఏండ్లుగా మనసులో పెట్టుకొన్నాము. ఒకటి రెండుసార్లు పైకి అన్నాము కూడను.

ఇప్పుడు లెక్క వేసికొంటిమి. అత్తగారు, వారి అత్తగారు, వారి అత్తగారు. ఇట్లు వెనుకకు ఐదు తరములు పోయినచో 1864 నాటికి ఈ యింట కోడలిగా నున్నట్టి పిల్ల ఒకతె తగులుచున్నది. ఆమె పేరు ఎవరికిని తెలియదు. ఆనాడు ఆమె యింట విస్తళ్లు పరచియుందురు. తమ్ములో, అన్నలో వచ్చియుందురు. పండుగ వంట తిని, గాలివాన మొదలైనదని, ఈ పూటకు ఉండిపొమ్మని ఆమెయే అనియుండునేమో. ఇది మా ఊహయే. ఇట్లు జరిగినదని చెప్పుటకు మాయొద్ద కాగితము లేదు, రాయి లేదు. ఒక్క నియమము తప్ప.

ఆ రాత్రి పిల్ల నిద్రించిన పిదప, అత్తగారికి తమలపాకులు చుట్టి యిచ్చుచు ఈ తిథి సంగతి చెప్పితిమి. మొదట ఆమెకు తెలియలేదు. మరల చెప్పితిమి. ఆమె ఆకు చేతబట్టుకొని చాలసేపు ఉండిపోయిరి. వీథిలో పాలసైకిలు పోయిన చప్పుడు, ఎదురింటి రేడియో కట్టివేసిన చప్పుడు వినబడినవి.

"మా అత్తగారికి కూడ తెలిసి ఉండదు" అనిరి కొంతసేపటికి. "తెలిస్తే నాకు చెప్పేవారు. నేను మా అన్నయ్యను అలాగే పంపించాను. నలభై ఏళ్లు. పాపం, ఒకసారి జ్వరంతో వచ్చాడు."

మేము మాటాడలేదు.

"ఆ రోజుల్లో ఈ ఇల్లు పెంకుటిల్లే అయి ఉంటుంది. అటక తప్ప ఎక్కడానికి ఏముంది?" అని తమలో తాము అనుకొనుచు లేచి, నడవలోనికి పోయి, మేడమెట్ల దీపము వెలిగించి పైకి చూచిరి.

"కార్తీకం ఎప్పుడు వస్తుంది?"

చెప్పితిమి.

"మీ తమ్ముడికి ఉత్తరం రాయి. ఈ ఏడు రాత్రికి ఉండిపొమ్మను. మేడమీద పక్క వేయిద్దాం."